పొద్దమ్మ కోపం

సూర్యుడు నీళ్ళ ట్యాంకు మీదికి వాలేసరికి పేటలో జనం చొక్కాల కార్ఖానా మేడమీది కిటికీ వైపు ఓ చూపు పారేసేవారు. కిటికీ పక్క బల్ల దగ్గర బట్ట కత్తిరిస్తూ పొద్దమ్మ కూనిరాగం తీస్తుంటే సరే, ఇంకాసేపట్లో చీకటి పడుతుంది, దీపాల సంగతి చూసుకోవచ్చు. పెదవులు బిగించి కత్తిరిస్తుంటే మాత్రం తొందరేం లేదు. ఆవిడ కోపం చల్లారేదాకా ఆ పేటలో పొద్దు గూకదు.

చిన్నప్పుడెప్పుడో ఆదివారం బడిలో ఆవిడ ఒక బైబిలు వాక్యం నేర్చుకుంది. సూర్యుడు అస్తమించేలోగా కోపం వదిలెయ్యాలని. పక్కన కూర్చున్న పిల్లలందరూ నేర్చుకున్నారు. అందరూ బుద్ధిగా తలూపి, ఇళ్ళకెళ్ళి, ఎవరి కోపాన్ని వాళ్ళు దిండు కింద పెట్టుకుని పడుకున్నారు. ఈవిడ ఒక్కతే దాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టుకుంది. మనిషి అంత గట్టిగా పట్టుకునేసరికి సూర్యుడికీ మొహమాటం వచ్చినట్టుంది. ఆవిడ తేల్చుకునేదాకా ట్యాంకు మీద కాళ్ళు వేలాడేసి కూర్చోవడం మొదలుపెట్టాడు. అసలు పేరు అందరూ మరిచిపోయి పొద్దమ్మ అనడం అప్పట్నించే.

పేట జనం దానికి తగ్గట్టే సర్దుకున్నారు. ఆవిడకి కోపం వచ్చిన రోజున బట్టలుతికే ఆమె ఇంకో వాయి తడిపేది. పిల్లలు ఇంకో ఆట మొదలుపెట్టేవారు. తెల్లవారుజామున డ్యూటీకెళ్ళే నర్సమ్మ మాత్రం కిటికీ కింద నిలబడి, "పెద్దమ్మా, ఇవాళ ఎవరి మీదండీ? కాస్త తొందరగా చల్లారండి, నాకు నిద్ర చాలడం లేదు" అని బతిమాలేది. వంతెన దాటితే అవతల పేటలో అప్పటికే దీపాలు వెలిగి, వంటలు కూడా అయిపోయేవి.

కోడలిగా పొద్దమ్మ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో లాయరమ్మకి ఇదంతా వాదనకి పనికొచ్చే విషయంలాగే కనిపించింది. ఆమె లాయరేం కాదు. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో ఎదుటివాళ్ళ చేత మూడు చెరువుల నీళ్ళు తాగించిన పిల్ల. కార్ఖానాలో చేరిన వారానికే ఆ పేరు వచ్చేసింది.

"అత్తయ్యా, కోపం అణుచుకోమని చెప్పడం ఎప్పుడూ బలవంతులకే లాభం" అంది ఒకరోజు, చెయ్యి గాల్లో ఊపి మరీ.

పొద్దమ్మ గిన్నె తోముతూనే అంది. "అణుచుకోమని ఎక్కడుందే? కోపపడమనే ఉంది. పాపం చెయ్యకుండా కోపపడమని. పొద్దుగూకేలోగా దాని సంగతి తేల్చమని. మింగడం వేరు, తేల్చడం వేరు. మింగితే కడుపులో పుండవుతుంది. తేల్చాలంటే లేచి వెళ్ళాలి, ఆ మనిషి ముఖం చూడాలి, నోరు తెరవాలి. నీ పోటీల్లో ఇంత కష్టం ఉండదులే."

లాయరమ్మ జీవితంలో ఓడిపోయిన మొదటి వాదన అది. ఓడించిన మనిషి మీద కోపం రాకపోగా గౌరవం పెరగడం ఆమెకే వింతగా తోచింది. అత్తగారు ఆ మాట ప్రకారం నడవడం కళ్ళారా చూస్తుండేది మరి. తూకంలో మోసం చేసిన కొట్టువాడి దగ్గరికైనా, చెల్లెలింటికైనా, ఒక్కోసారి పాస్టరుగారి గుమ్మంలోకైనా, ఆవిడ చెప్పులేసుకుని బయల్దేరేది. "అయ్యా, మీరు చేసింది నాకు నొచ్చింది" అని మొదలుపెట్టేది. సగంసార్లు తప్పు తనదేనని తేలి, అక్కడే ఒప్పుకుని తిరిగొచ్చేది. వెనకాలే సూర్యుడు దిగేవాడు.

ఓనరుకి మాత్రం ఆవిడ కోపం దేవుడిచ్చిన ఓవర్‌టైము. ఆ కార్ఖానాలో పని సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా. సూర్యుడు ట్యాంకు వెనక్కి జారగానే కాపలావాడు గంట కొడతాడు. జారకపోతే కొట్టడు. ఆదివారం చర్చిలో ముందు బెంచీ మీద కూర్చుని పాఠం చదివే గొంతుతోనే ఓనరు, "గడియారాలు మనిషి చేసినవమ్మా, సూర్యుడు దేవుడు చేసినవాడు" అనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన కుట్టు పూర్తయిన చొక్కా ఒకటి తీసి కొయ్యబొమ్మకి తొడిగాడు. బొత్తాలు పెట్టాడు. బొమ్మకి పొట్ట వచ్చింది. చొక్కా మెడ దగ్గర బిగుసుకుని, నడుమ ఉబ్బి, అంచు దగ్గర నోరు తెరిచింది. ఇంకోటి తొడిగాడు. దానికీ పొట్టే. పొద్దుటినుంచీ కుట్టినవాటిలో ఏది తొడిగినా అంతే.

"బొత్తాలు ఎవరు కుట్టారు?"

"నేనే సార్" అని లేచింది బొత్తాలక్క. చంటిపిల్లని పక్కింటి ముసలమ్మ దగ్గర వదిలి పనికొచ్చే మనిషి, తల ఎత్తి మాట్లాడ్డం తక్కువ. "గుర్తులు ఎక్కడుంటే అక్కడే కుట్టాను సార్."

"ఏవీ గుర్తులు?"

గుర్తుల్లేవు. బొత్తాం కుట్టగానే చొక్కా దులిపి మడతపెడతారు, సుద్ద రాలిపోతుంది. దారం మాత్రం ఉండిపోతుంది, కుట్టిన మనిషి మీద సాక్ష్యంగా.

ఆ గుర్తులు పెట్టింది లాయరమ్మ. పెట్టేటప్పుడు పక్క బల్లమ్మతో ఏదో వాదనలో ఉంది. గెలుస్తోంది కూడా. ఆ ఊపులో బొత్తాల ఎడం చూపే కొలపట్టీని తలకిందులుగా పెట్టి, పొద్దుటినుంచీ అన్ని చొక్కాల మీదా నీలం సుద్ద చుక్కలు పెట్టుకుంటూ పోయింది. బొమ్మకి పొట్ట కనబడగానే ఆమెకి విషయం అర్థమైంది. బొత్తాలు కుట్టని చొక్కా ఇంకా ఒకటి తన బల్ల మీదే ఉంది, నీలం చుక్కలతో సహా. ఓనరు ఇటు తిరిగేలోపు ఆమె అరచెయ్యి దాని మీదుగా ఒకసారి వెళ్ళొచ్చింది. చుక్కలు పోయాయి. అరచెయ్యి నీలమైంది. తలెత్తి చూసేసరికి, కత్తిరింపు బల్ల దగ్గర పొద్దమ్మ కత్తెర ఆగి ఉంది. ఆవిడ చూపు ఆ అరచేతి మీద ఉంది.

కత్తెర మళ్ళీ కదిలింది.

"నేను అన్యాయం చేసే మనిషిని కాను" అన్నాడు ఓనరు. ఆ మాట అందరికీ కంఠతా వచ్చు. "పొద్దుగూకే గంట దాకా కుర్చీ ఖాళీగానే ఉంచుతాను. ఆలోగా నీ తప్పు కాదని తేలిందా, వచ్చి కూర్చో. గంట కొట్టాక మాత్రం గేటు దగ్గర నిలబడ్డ కొత్త మనిషిది."

బొత్తాలక్క సూదిని సూదుల దిండులో గుచ్చి, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రమైంది. సూర్యుడు ట్యాంకు మీదికి వచ్చి, అలవాటు ప్రకారం కాసేపు చూసి, అక్కడే కూర్చున్నాడు.

"అయిపోయింది" అంది కాజాలు కుట్టే ఆమె. "ఎవరి మీదమ్మా ఇవాళ?"

"ఎవరి మీదేంటి, ఓనరు మీదే. పాపం ఆ పిల్లని అట్లా తరిమేస్తే రాదా?"

"వస్తే వచ్చింది, మన నడుములు విరుగుతున్నాయి కదే! మా నాన్నకి మందు వెయ్యాలి నేను."

మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. వంతెన అవతల ఒక్కొక్కటే దీపాలు వెలిగాయి. ఓనరు రెండో కప్పు టీ తెప్పించుకుని, ట్యాంకు వైపు చూసి ముచ్చటపడ్డాడు.

లాయరమ్మ తలలో పోటీ నడుస్తోంది. అటూ ఇటూ రెండు పక్షాలూ తనే. బొత్తాలక్కకి చేతిపని బాగా వచ్చు, ఇంకోచోట దొరుకుతుంది. ఈ వాదన బాగుంది. నాకు గుర్తులు పెట్టడమే వచ్చు, అదీ తలకిందులుగా, నాకెక్కడా దొరకదు. ఇది అంత బాగా లేదు. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరుగుతున్నాడు, ఇంట్లో నా పనీ పోతే ఎట్లా. ఇది నిజమే. నన్ను చేర్పించింది అత్తయ్య, నేను దొరికితే తల దించుకోవాల్సింది ఆవిడ, కాబట్టి నేను ఊరుకోవడం ఆవిడ కోసమే. ఇక్కడికి వచ్చేసరికి ఆమెకే సిగ్గేసింది. ఇంత నీచమైన వాదన ఆమె ఏ పోటీలోనూ వాడలేదు.

నీళ్ళు తాగే నెపంతో కత్తిరింపు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, నా మీదే కదా?"

పొద్దమ్మ బట్ట మీంచి తలెత్తలేదు. "నీకు తెలిసిన విషయం నన్నడుగుతావేం?"

"అందరూ అలిసిపోతున్నారు. నన్ను క్షమించెయ్యొచ్చు కదా. మీ వాక్యంలో అదీ ఉంది."

"ఉంది. నష్టం నాదైతే ఈపాటికి ఎప్పుడో చల్లారిపోయేదాన్ని. ఇవాళ బయటికి పోయింది నేను కాదు. ఆ పిల్ల తరఫున క్షమించడానికి నాకెవరు అధికారమిచ్చారే?"

"నేను చెబితే నా పని పోతుంది."

"పోవచ్చు" అంది పొద్దమ్మ. గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "పోదని నేను చెప్పలేను. నాకు తెలియని దాన్ని దేవుడి మీద పెట్టి చెప్పడం నాకు చేతకాదు."

ఎవరైనా ధైర్యం చెప్పి ఉంటే లాయరమ్మ ఇంకాసేపు వాదించేదేమో. చెప్పకపోయేసరికి ఇంక వాదించడానికి అటువైపు ఎవరూ లేరు. ఆమె గది మధ్యకి నడిచింది. పోటీల్లో నిలబడ్డట్టు నిలబడబోయి, కొయ్యబొమ్మని పట్టుకుంది.

"గుర్తులు నేనే తప్పు పెట్టాను సార్. కొలపట్టీ తలకిందులుగా పెట్టాను. చుక్కలు కనబడకుండా తుడిచిందీ నేనే. బొత్తాలక్క తప్పు లేదు."

అంతే. ముందుమాట లేదు, ముగింపు లేదు. ఆమె చేసిన ప్రసంగాల్లోకెల్లా పొట్టిది. మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ట్యాంకు మీద సూర్యుడు కొంచెం కదిలాడు.

ఓనరు టీ కప్పు కింద పెట్టాడు. మధ్యాహ్నం అందరి ముందూ ఇచ్చిన మాట, ఇప్పుడు అందరూ చూస్తున్నారు. "సరే. గంట కొట్టేలోగా ఆమె వచ్చి కూర్చుంటే కుర్చీ ఆమెది. రాకపోతే నన్ననొద్దు. నీ సంగతి తర్వాత."

అత్తాకోడళ్ళు మెట్లు దిగి పరుగులాంటి నడకతో బయల్దేరారు. బొత్తాలక్క ఇల్లు పేట చివర, రంగులు వెలిసిన వరుస ఇళ్ళలో ఆఖరిది. తలుపు తీసి, గుమ్మంలో చంటిపిల్లని భుజానేసుకుని నిలబడింది ఆమె. లాయరమ్మ చెప్పింది. ఈసారి ఇంకా కష్టమైంది. ఓనరు కళ్ళు పొడిగా ఉన్నాయి మరి, ఈ కళ్ళు అట్లా లేవు.

"తుడిచావా?" అంది బొత్తాలక్క. "నేను అక్కడ నిలబడి ఉండగానే తుడిచావా?"

"అవునక్కా."

"మధ్యాహ్నం నుంచీ నా మీద నాకే అనుమానం తల్లీ. నా చేతికే ఏదో తెగులు వచ్చిందేమో, కళ్ళు పోతున్నాయేమో అనుకున్నా. నన్ను నేనే తిట్టుకున్నా. నువ్వు మాత్రం చెయ్యి దులుపుకుని కూర్చున్నావు. లాయరమ్మంట లాయరమ్మ!"

"క్షమించు అక్కా."

"ఇప్పుడు కాదు" అంది బొత్తాలక్క. పిల్లని దించి ఆమె చేతుల్లో కుదేసింది. "ముందు దీన్ని పట్టుకో. ముసలమ్మ పడుకుంది. నేను పోయి నా కుర్చీలో కూర్చుని వస్తా. ఏడిస్తే ఎత్తుకుని తిప్పు. ఇంకా ఏడిస్తే నువ్వూ ఏడు." జుట్టు ముడేసుకుంటూ వీధిలోకి పరిగెత్తింది.

పిల్ల లాయరమ్మ ముఖంలోకి చూసి, నచ్చక, గుక్కపట్టింది. ఆమె ఎత్తింది, తిప్పింది, పాట పాడింది, పాట మధ్యలో మరిచిపోయింది. చంటిదాని కాలొకటి ఆమె చంకలోంచి వెనక్కి పొడుచుకొచ్చింది.

అరుగు మీద కూర్చున్న పొద్దమ్మకి నవ్వొచ్చింది. వెంటనే గాభరాగా పైకి చూసింది. సూర్యుడు ట్యాంకు అంచు మీంచి జారుతున్నాడు.

"ఓసి నీ! చల్లారిపోతున్నానే! పిల్ల తల్లి ఇంకా వీధి మలుపు కూడా తిరగలేదు. నన్ను కాస్త విసిగించవే!"

"ఏంటత్తయ్యా?"

"కోపం నిలవాలే! ఇన్నేళ్ళూ తగ్గించుకోవడానికి పడ్డ పాట్లు నాకు తెలుసు, నిలుపుకోవడం ఎట్లాగో తెలీదు. ఏదో ఒకటి అను. నోరుంది కదా నీకు!"

ఎదుటివాళ్ళని నిమిషంలో మండించే లాయరమ్మ మాటలు వెతుక్కుంది. "మీ... మీ వంటలో ఉప్పు ఎక్కువ" అంది.

"అది నిజమే కదే, దానికి కోపమెందుకొస్తుంది?"

"మీ పాట శ్రుతిలో ఉండదు."

"ఊఁ. అదీ నిజమే." సూర్యుడు సగం దిగాడు. ట్యాంకు నీడ వీధి పొడుగునా పరుచుకుంది. కాపలావాడు ఈపాటికి గంట తాడు చేతిలోకి తీసుకుని ఉంటాడు.

లాయరమ్మ పిల్లని భుజాన సర్దుకుంది. గొంతులో ఒక మాట ఉంది. మధ్యాహ్నం నుంచీ ఉంది. ఈ మనిషిని ఆ మాట అనే అర్హత తనకి లేదని ఆపుకుంటున్న మాట. అర్హత సంగతి చూసుకునేంత టైము లేదిప్పుడు.

"అత్తయ్యా, మధ్యాహ్నం నా చెయ్యి చూశారు కదా."

పొద్దమ్మ తల తిప్పింది.

"అక్క మెట్లు దిగుతుంటే మీరూ చూస్తూనే కూర్చున్నారు. నేను భయపడి ఊరుకున్నాను. మీరెందుకు ఊరుకున్నారు? మీ కోడలు కాకుండా ఇంకెవరైనా తుడిచి ఉంటే ఊరుకునేవారా?"

పొద్దమ్మ ముఖం ఎర్రబడింది. పైన సూర్యుడు ఎవరో భుజం పట్టుకుని ఆపినట్టు ఆగాడు. కాసేపాగి ఒక మెట్టు పైకెక్కాడు కూడా. పేటంతా మళ్ళీ మిట్టమధ్యాహ్నంలా వెలిగింది. దూరంగా ఎక్కడో నర్సమ్మ, "అమ్మో, మళ్ళీనా!" అని మొత్తుకోవడం వినిపించింది.

"ఊరుకునేదాన్ని కాదు" అంది పొద్దమ్మ. "ఇంకెవరైనా అయితే అక్కడే చెయ్యి పట్టుకుని లాగేదాన్ని. నువ్వని ఆగాను. నువ్వే చెబుతావులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నీ మీద కోపమని సూర్యుణ్ణి నిలబెట్టానే గానీ, అందులో సగం నా మీద."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ కోపం తగ్గించమని లాయరమ్మ అడగలేదు. పిల్లని ఎత్తుకుని, ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి పిల్ల ఆమె భుజం మీదే కళ్ళు మూసింది. ఇన్నాళ్ళూ తప్పే చెయ్యని మనిషని అత్తగారిని మెచ్చుకుంది ఆమె. ఇప్పుడు, తన తప్పుని చూసి ముఖం తిప్పుకోకుండా దాని ముందే కూర్చున్న ఈ ముసలావిడ ఇంకా పెద్దగా కనిపించింది.

వీధి మలుపులో బొత్తాలక్క కనిపించింది. నడిచే వస్తోంది, పరుగు లేదు. వేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఇత్తడి తొడుగు మెరుస్తోంది.

"కూర్చున్నా" అంది వస్తూనే. "కొత్త మనిషిని రేపట్నించి కాజాల దగ్గర పెట్టుకుంటాడంట. పిల్లకి పాలివ్వాలని చెప్పి వచ్చేశా."

పొద్దమ్మ అరుగు మీంచి లేచింది. తనకంటే ఎంతో చిన్న మనిషి ముందు నిలబడి, "అమ్మా, మధ్యాహ్నం దీని చెయ్యి నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను. నా ఇంటిమనిషని. నీకు చేసిన అన్యాయంలో నాకూ భాగముంది" అంది.

బొత్తాలక్క ఆవిడని చూసింది. తర్వాత ఇంకా కదలకుండా ఉన్న సూర్యుణ్ణి చూసింది. "ఇందుకా ఇంకా ఎండ? నేను దారి పొడుగునా పరిగెత్తింది గంట కొట్టేస్తాడేమోనని. గంట ఎందుకు కొట్టలేదా అనుకుంటూనే ఉన్నా" అంది నెమ్మదిగా. "మీరు చల్లారండి పెద్దమ్మా. మీ మీద నాకేం లేదు."

సూర్యుడు ట్యాంకు వెనక్కి జారిపోయాడు. ఆలస్యమైన రోజు కదా, చీకటి ఒక్కసారిగా పడింది. కార్ఖానా గంట మోగింది.

లాయరమ్మ పిల్లని అందించింది. అందుకుంటూ బొత్తాలక్క అంది.

"నీ మీద ఉంది. అది ఇవాళ పోయేది కాదు. నా కోపం పెద్దమ్మ కోపం లాంటిది కాదు, దానికోసం సూర్యుడేం ఆగడు. మెల్లగా పోతుంది, పోయినప్పుడు చెబుతా."

"సరే అక్కా."

"ఓనరు నిన్ను తీసేస్తానన్నాడు."

లాయరమ్మ తలూపింది. అనుకున్నదే.

"తీసేస్తే ఆ చొక్కాలన్నిటికీ బొత్తాలు విప్పేదెవరు, నేనా, అన్నాను" అంది బొత్తాలక్క, పిల్ల కాలికి మేజోడు సరిచేస్తూ. "ఒక్కటి కూడా విప్పనని చెప్పా. రేపు పెందలాడే వచ్చి నా పక్క బల్ల మీద కూర్చో. నువ్వు విప్పు, నేను కుడతా. గుర్తులు మాత్రం నేను చూశాకే పెట్టు."

తలుపు దగ్గరికి వెళ్ళి, ఆగి, చీకట్లో ఇంకా అక్కడే నిలబడ్డ ఇద్దరినీ చూసి విసుక్కుంది.

"దీపం తెచ్చిస్తా, ఉండండి. దారి కనబడదు."